అరమెట్టు

రాత్రి పదిన్నరకి ఫోను మోగింది.
కథానాయికకి జలుబట.
తెల్లారేసరికి శ్రుతి అరమెట్టు దించాలట.

అరమెట్టే కదా, అంటారు వినేవాళ్ళు.
యాభైమూడు వాయిద్యాలు,
ఒక్కోదానికి పద్నాలుగు పుటలు,
పుటపుటకీ చీమలబారులు.
ఒక్కో చీమనీ నడుం పట్టుకుని
కింది గీత మీదికి దింపాలి, కాలు విరక్కుండా.

కల్వర్ సిటీలో, స్టూడియో వెనక,
వడ్రంగుల షెడ్డుని ఆనుకున్న గదిలో ఆరుగురం.
నల్లసిరా, చల్లారిన కాఫీ, రంపంపొట్టు వాసన.
పుటకింతని కూలి.
నా పేరు జెల్డా ప్లాట్కిన్. తెర మీద వెతక్కండి,
అక్కడ జడలు వేసినవాళ్ళుంటారు, టోపీలు కుట్టినవాళ్ళుంటారు,
మేం ఉండం.
నా నడిమివేలి మీద కాయ కాసింది చూడండి,
సంతకం అంటే అదే.

వయోలాల్లో మూడో కుర్చీ ఇమ్రె హలాస్‌ది.
బుడాపెస్టులో చిన్నప్పుడు తగిలిన జ్వరం
అతని కుడికాలి బలాన్ని అక్కడే ఉంచేసుకుంది;
బదులుగా ఓ ఇనుపపట్టీ, తోలుపటకా ఇచ్చి పంపింది.
రికార్డింగు హాలుకి పన్నెండు మెట్లు.
ఒక్కో మెట్టుకీ ఒక హంగేరియన్ తిట్టు.
పన్నెండూ వేరువేరు.

ఆ వారం రాసింది మెట్ల పాటే.
అరవైనాలుగు తెల్లమెట్లు కట్టారు పక్క షెడ్డులో,
రంగు ఇంకా ఆరలేదు.
ఆమె దిగి రావాలి, ఈకల గౌనులో, కిందకి చూడకుండా.
అడుగుకో మీటు. ఆ మీటు వయోలాలది.

ముందు పాట, తర్వాతే ఆట. మా దగ్గర అంతే.
ఆమె ఇంకా మెట్టెక్కనే లేదు,
గాజుగదిలో ముక్కు చీదుకుంటూ పాడుతోంది;
ఆమె అరికాళ్ళ కింద నేలని మాత్రం
అప్పటికే పరుస్తున్నాడు, సరిగా నడవలేని మనిషి.

అతని పుటల్లో పెన్సిలుతో చిన్నగా రాసేదాన్ని:
ఇక్కడ మూడు మాత్రల విరామం. కాలు చాపుకో.
థాంక్స్ ఎప్పుడూ చెప్పలేదు. చాపుకునేవాడు.

ఆ రాత్రి నాలుగున్నరకి, కునికిపాట్ల మధ్య,
ఆ మాట ఒక గడి ముందు పడింది.

ఎనిమిదింటికి సిరా ఆరని పుటల్ని
తడిబట్టల్లా ముంజేతుల మీద వేసుకుని పరిగెత్తాం.
ఓబో ఒక స్వరం పట్టి నిలిపింది,
దాని చుట్టూ అందరూ తీగలు బిగించుకున్నారు.
ఆఖరి దగ్గు దగ్గేశారు.
ఎర్రదీపం. ఐదో టేకు.
అతను కాగితాన్ని నమ్మాడు.
నలభైమూడో మెట్టు దగ్గర
కర్రకుర్చీ కిర్రుమంది.

బాటన్ ఆగలేదు. పాటయ్యాక అందరూ గడియారం వైపు చూశారు.
ఇంకో టేకంటే ప్రతి ఒక్కరికీ ఒకటిన్నర కూలి.
"కొత్త మెట్ల చప్పుడనుకుంటారు లెండి," అన్నాడు బాటన్ పట్టినాయన,
"ఉంచేద్దాం."

కొన్నేళ్ళకి సమ్మె. సమ్మె తర్వాత ఉత్తరాలు,
రెండేసి వాక్యాలవి.
ఇమ్రె గ్లెండేల్‌లో పిల్లలకి పాఠాలు చెప్పుకున్నాడు,
శ్రుతి తప్పితే ఆ పన్నెండింటిలో ఒకటి తీసేవాడని విన్నాను.
తర్వాత కొత్త యజమానులకి గదులు కావాల్సొచ్చి
కాగితాలన్నీ లారీలకెత్తారు.
రోడ్డు వేస్తున్న గోతిలో పోశారట.
నా చీమలు మట్టిలోకే పోయాయి.
చీమలకి అదేం కొత్త కాదులెండి.

నిన్న రాత్రి టీవీలో వేశారు ఆ సినిమాని,
మధ్యమధ్య సబ్బులూ కారు టైర్లూ అమ్ముకుంటూ.
ఆమె దిగుతోంది. ఒక్క ఈక రాలలేదు.
నేను లెక్కపెడుతున్నాను.
నలభై. నలభైఒకటి.
నాకిప్పుడు చెవుడు, శబ్దం ఆ చివరికి తిప్పేశాను,
పక్కవాటా ఓడ్‌గార్డ్ గారు గోడ మీద గుద్దుతున్నారు.
నలభైరెండు.

కాలు చాపుకో, అన్నాను.